ఎత్తు పెంచిన జీపుకు స్టీరింగు భాగాల ఎంపిక
(కుందారపల్లి ఉగాది సభలో చేసిన ఉపన్యాసపాఠం)

పండుగపూట కవిత్వాన్ని గురించో, పంచాంగ ఫలితాలను గురించో మాట్లాడటం వాడుక. ఆ పని చేయగల పెద్దలు నాకంటె ముందే మాట్లాడి మిమ్మల్ని సంతోషపెట్టినారు. నాకు ఒప్పగించిన విషయం మాత్రం ఇనుముకూ గ్రీజుకూ సంబంధించినది. "మన పిల్లలు జీపులకు ఎత్తు పెంచుతున్నారు. వాటి స్టీరింగు సంగతి నాలుగు మాటల్లో చెప్పండి" అని నిర్వాహకులు అడిగినారు. నాలుగు మాటల్లో ముగియదుగాని, భోజనాల గంట కొట్టేలోపల ముగిస్తానని మాట ఇస్తున్నాను.

ఈ విషయం ఇక్కడ మాట్లాడటానికి తగిన కారణం ఉన్నది. మనం కూర్చున్న ఈ ఊరు కృష్ణగిరికీ హోసూరుకూ నడుమ ఉన్నది. ఒకప్పుడు 7వ నంబరు అని, ఇప్పుడు 44వ నంబరు అని పిలుస్తున్న జాతీయ రహదారి మన పక్కనుంచే పోతున్నది. వేపనపల్లి పోయే దారి ఇక్కడే చీలుతున్నది. హోసూరులో 1980లో అశోక్ లేలండ్ కార్ఖానా వచ్చిన తరువాత ఎన్నో కార్ఖానాలు వెలిసినవి. మనలో చాలామంది చిత్తూరు, అనంతపురం మొదలైన జిల్లాలనుంచి ఆ పనులకోసమే వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టినవాళ్లం. తాతముత్తాతలనాటినుంచి ఈ గడ్డమీదనే ఉంటూ తెలుగు మాట్లాడుతున్నవారూ ఈ సభలో ఉన్నారు. వారికి మామిడితోటలున్నవి. తోతాపురి కాయ దిగే రోజుల్లో తోటదారిలో బండి దిగబడితే ఏమవుతుందో నేను వారికి చెప్పనక్కరలేదు. అటు రాయకోట, దెంకణికోట, అంచెట్టి, బెట్టముగిలాళం వైపు కొండదారులు సరేసరి. కనుక మన ప్రాంతంలో జీపు ఒట్టి సోకు కాదు, అవసరం. దానికి కాస్త ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించుకోవాలని పిల్లవాడికి బుద్ధి పుట్టటంలో వింత లేదు.

చిక్కు ఎక్కడంటే, తోటలో తిరిగిన ఆ బండిలోనే శనివారంనాడు భార్యాబిడ్డలను, ముసలి తల్లిదండ్రులను ఎక్కించుకొని తిరుపతికో బెంగుళూరుకో బయలుదేరుతాము. తోటదారిలో గంటకు 15 కిలోమీటర్లు పోతే గొప్ప. రహదారి ఎక్కితే 80కి తగ్గము. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. రెప్ప వేసి తీసేలోపల బండి తన పొడవు దాటిపోతుంది. తోటలో మాట వినని స్టీరింగు గట్టుకు తగిలి ఆగుతుంది. రహదారిమీద మాట వినని స్టీరింగు ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. సంతకు మేకలు తోలుకొనివచ్చేవారు, బడిపిల్లలు, బస్సుకోసం నిలబడినవారు అందరూ ఈ కూడలిలోనే రోడ్డు దాటుతారు.

నేను ఇవాళ చెప్పదలచిన మాట ఒక్కటే. ఎత్తు పెంచిన బండికి స్టీరింగు చెడేది చాలామట్టుకు భాగాలు బలహీనమైనందువల్ల కాదు, వాటి గీతలు వంకరపోయినందువల్ల. కాబట్టి ముందు గీతలు సరిచేసికోవాలి, తరువాత గట్టితనం కొనుక్కోవాలి. మనవాళ్లు తరచుగా దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. షెడ్డులో జరిగే సంభాషణ మీరందరూ విన్నదే. "ఏమన్నా, బండి ఒక పక్కకు లాగుతా ఉండాదే!" అంటాడు కుర్రవాడు. "లావు రాడ్డు వేసేద్దాం తమ్ముడూ, ఏనుగు తొక్కినా వంగదు" అంటాడు మేస్త్రీ. లావు రాడ్డు పడుతుంది, డబ్బు అవుతుంది, బండి లాగడం మాత్రం మానదు. రాడ్డు సన్నమైనందువల్ల వచ్చిన జబ్బు కాదుగదా అది!

ఎందుకో తెలియాలంటే స్టీరింగు పనిచేసే తీరు కొంచెం తెలియాలి. హోసూరు చంద్రచూడేశ్వరస్వామి రథోత్సవం మీరు చూచే ఉంటారు. మోకులు లాగేవారు వందలమంది. కాని రథం ఏ దిక్కుకు తిరగాలో నిర్ణయించేది చక్రంకింద చెక్కదిమ్మ పెట్టే నలుగురు. అంత బరువూ ఆ చిన్న దిమ్మ చెప్పినట్టు వింటుంది. ఎద్దులబండికి ఆ బాధ లేదు. ఎద్దు తిరిగితే కాడి తిరుగుతుంది, కాడితో బండి మొత్తం తిరుగుతుంది. నాలుగు చక్రాల బండికి ఇరుసును అట్లాగే ఉంచి చక్రాలను మాత్రం తిప్పే ఉపాయాన్ని లాంకెన్‌స్పెర్గర్ అనే జర్మను బండ్లపనివాడు కనిపెట్టగా, ఆకర్‌మన్ అనే ఆయన 1818లో ఇంగ్లండులో దానికి పేటెంటు తీసికొన్నాడు. రెండు వందల ఏండ్లు దాటినా మన జీపులు నడుస్తున్నది ఆ సూత్రంమీదనే.

జిప్సీవంటి బండిని తీసికొందాం. చేతిలోని చక్రం తిరిగితే కింద స్టీరింగు పెట్టె తిరుగుతుంది. పెట్టెకు వేలాడే చేయి ఒకటి ఉన్నది, దానిని డ్రాపు ఆరం అంటారు. ఆ చేయి ఒక కడ్డీని తోస్తుంది, అది డ్రాగు లింకు. డ్రాగు లింకు ఒక చక్రం మెడను తిప్పుతుంది. ఆ చక్రం మెడనుంచి రెండవ చక్రం మెడకు పోయే కడ్డీ టై రాడ్డు. ఈ కడ్డీల కొసలన్నిటికీ గిన్నెలో గుండు కూర్చినట్టుండే కీళ్లు ఉంటవి. వాటినే టై రాడ్డు ఎండులంటున్నాము. పాత విల్లీసు నమూనా జీపులున్నవారికి మరొక మాట. వాటిలో నడుమ బెల్ క్రాంకు అనే తిరుగుడు ముక్క ఉండి, దానినుంచి రెండు చక్రాలకూ రెండు కడ్డీలు పోతవి. ఆ ముక్క, దాని బుష్షులూ అరిగితే కొత్త రాడ్లు ఎన్ని వేసినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమంటే, స్టీరింగు పెట్టె చాసీకి బిగించి ఉన్నది. చక్రాలు ఇరుసుకు బిగించి ఉన్నవి. చాసీకీ ఇరుసుకూ నడుమ కమాను పట్టీలున్నవి. గుంత వచ్చినప్పుడల్లా ఇరుసు కిందికీ పైకీ ఆడుతుంది, పెట్టె మాత్రం ఆడదు. ఈ రెంటినీ కలిపేది డ్రాగు లింకు ఒక్కటే. అది బల్లపరుపుగా పడుకొని ఉంటే ఇరుసు కాస్త ఆడినా చక్రాలు తిరగవు. నిచ్చెన వేసినట్టు ఏటవాలుగా ఉంటే, ఇరుసు ఆడినప్పుడల్లా మీరు తిప్పకపోయినా చక్రాలు తిరుగుతవి.

ఎంత తిరుగుతవో లెక్క వేసి చూద్దాం. డ్రాగు లింకు పొడవు 90 సెంటీమీటర్లు అనుకొందాం. అది బల్లపరుపుగా ఉన్నప్పుడు ఇరుసు 5 సెంటీమీటర్లు దిగితే, కడ్డీ కొస అడ్డంగా జరిగేది సుమారు 1.4 మిల్లీమీటర్లు మాత్రమే. అదే బండికి 10 సెంటీమీటర్ల ఎత్తు పెంచి, డ్రాగు లింకును అట్లాగే వదలిపెట్టినామనుకొందాం. ఇప్పుడు ఇరుసు అదే 5 సెంటీమీటర్లు దిగితే కొస జరిగేది 7 మిల్లీమీటర్లు. గుంత అదే, కడ్డీ అదే, దోషం మాత్రం అయిదు రెట్లు. చక్రం మెడమీది చేయి 15 సెంటీమీటర్ల పొడవుంటే, 7 మిల్లీమీటర్లంటే చక్రం దాదాపు రెండున్నర డిగ్రీలకు పైగా తనంతట తాను తిరిగినట్టు. 80 కిలోమీటర్ల వేగంలో, డ్రైవరు అడగని ఆ తిరుగుడు చాలు బండిని పక్క వరుసలోకి తోయడానికి. మీరు డ్రాగు లింకు స్థానంలో మణికట్టంత లావు ఇనుము వేసినా ఈ లెక్కలో ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. లావుకూ ఏటవాలుకూ సంబంధం లేదు.

కాబట్టి కొనవలసిన మొదటి వస్తువు ఆ ఏటవాలును తగ్గించేదై ఉండాలి. అందుకు అంగడిలో మూడు రకాల సరుకు దొరుకుతున్నది.

మొదటిది కిందికి ఎక్కువ దిగిన డ్రాపు ఆరం. పెట్టెవైపు గుండును కిందికి తెచ్చి కడ్డీని పరుపు చేస్తుంది. కొద్దిపాటి ఎత్తుకు ఇది చాలు. ఎన్నుకొనేటప్పుడు రెండు చూడాలి. ఒకటి, చేయి పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. పొడవు మారితే స్టీరింగు తిప్పవలసిన మోతాదు మారిపోతుంది. రెండు, పెట్టెలోని పళ్ల షాఫ్టుకు సరిగ్గా సరిపోవాలి. గుండు ఎంత కిందికి దిగితే ఆ షాఫ్టుమీద అంత మెలిపెట్టే బరువు పడుతుందని మరువరాదు. పెద్ద టైర్లు కూడా తోడైతే పెట్టె బిగించిన చోట చాసీకి నెర్రెలు రావచ్చును. అక్కడ బలం చేర్చకుండా పొడవైన ఆరం వేయడం మంచిది కాదు.

రెండవది కడ్డీలను చక్రం మెడకు పైనుంచి పోయేటట్టు మార్చే సామాను. కమాను కట్టను ఇరుసు కిందినుంచి పైకి మార్చి బాగా ఎత్తు చేసిన బండికి ఇదే తగిన మార్గం. రాళ్లు తగలకుండా కడ్డీలు పైకి పోవడం అదనపు లాభం. దీని ప్రాణమంతా కీలు కూర్చునే రంధ్రంలో ఉన్నది. ఆ రంధ్రం గరాటువలె వాలుగా ఉంటుంది. పైనుంచి కూర్చోబెట్టాలంటే ఆ వాలును తగిన రీమరుతో పైవైపునుంచి కోయాలి, లేదా ఆ పనికే చేసిన చొప్పుడు గొట్టం వేయాలి. మామూలు డ్రిల్లుతో తిన్నగా తొలిచి నట్టుతో బిగించేవారున్నారు. అటువంటి షెడ్డునుంచి బండి తోలుకొని వెళ్లిపోండి.

మూడవది రెండు చోట్ల వంచిన కడ్డీ. చూపుకు అది పరుపుగానే కనిపిస్తుంది. కాని మోసపోరాదు. లెక్కకు వచ్చేది కడ్డీ ఆకారం కాదు, రెండు కొసల్లోని రెండు గుండ్ల నడిబొడ్డులను కలిపే తిన్నని గీత. గుండ్లు ఉన్నచోటనే ఉంటే కడ్డీని పాములా వంచినా దోషం ఉన్నంతా ఉంటుంది. పైగా వంచిన కడ్డీ గట్టిగా తోసినప్పుడు విల్లులాగా ఆడుతుంది. కమానుకు తగలకుండా తప్పించుకోవడానికి తప్ప దాని ప్రయోజనం మరొకటి లేదు.

కాయిల్ స్ప్రింగులున్న బండ్ల సంగతి కొంచెం వేరు. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకి ముందు ఇరుసు గట్టి కడ్డీయే అయినా కమానులు లేవు. ఇరుసు పక్కకు జరగకుండా చాసీనుంచి పాన్‌హార్డ్ రాడ్డు అనే అడ్డకడ్డీ పట్టుకొని ఉంటుంది. ఇరుసు ఆడినప్పుడు ఆ అడ్డకడ్డీ ఒక వంపులో ఊగుతుంది, డ్రాగు లింకు మరొక వంపులో ఊగుతుంది. ఈ రెండూ కావడిలోని రెండు కుండలవలె ఒకే తీరున ఊగాలి. అంటే రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, పొడవులూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక అంగడివాడు డ్రాపు ఆరం అమ్ముతాడు, మరొకడు పాన్‌హార్డ్ రాడ్డుకు దించిన బ్రాకెట్టు అమ్ముతాడు. రెండిట్లో ఒకటే వేస్తే ఉన్న సమాంతరం కూడా పోయి, ఏమీ వేయని బండికన్న అధ్వాన్నమవుతుంది. వేస్తే రెండూ లెక్క చూచి వేయాలి, లేకుంటే రెండూ మానాలి.

2020లో వచ్చిన కొత్త థారుకు ముందు చక్రాలు దేనికది విడిగా ఆడుతవి. అక్కడ డ్రాగు లింకు లేదు, పళ్లకడ్డీనుంచి రెండు పక్కలకూ చిన్న టై రాడ్లు పోతవి. ఎత్తు పెంచితే ఆ రాడ్లూ, పై చేతుల బాల్ జాయింట్లూ, చక్రం తిప్పే షాఫ్టుల కీళ్లూ మూడూ ఒకేసారి ఏటవాలుకు వస్తవి. దానికి స్టీరింగు భాగాలు మార్చి ఎక్కువ సాధించలేము. అటువంటి బండికి ఎత్తు కొద్దిగానే ఉంచుకోవడం తెలివైన పని.

గీతల్లో మరొకటి కాస్టరు. సైకిలు ముందు ఫోర్కును పక్కనుంచి చూడండి, పైభాగం వెనక్కు వాలి ఉంటుంది. చేతులు వదలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు ఒక కారణం. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను నడుమకు వచ్చేదీ జీపులోని అటువంటి వాలువల్లనే. ముందువైపు సంకెళ్లున్న కమాను బండికి పొడుగు సంకెళ్లు వేస్తే ఇరుసు ముందుకు దొర్లి ఆ వాలు తగ్గుతుంది. జిమ్నీకి ఎత్తు పెంచినా అంతే. వాలు తగ్గిన బండి రహదారిమీద తాగినవాడిలాగా అటూ ఇటూ తూలుతుంది. జిమ్నీవంటి బండికి పక్కకు తొలిచిన బుష్షులు, కమాను బండికి ఏటవాలు చీలికలు దీనికి మందు. చీలికలు కొంటే ఉక్కువి కొనాలి, పోతపోసిన అల్యూమినియంవి పగిలిపోతవి. అయితే వాలును పూర్తిగా పాతస్థితికి తేవాలని చూస్తే ముందు ప్రొపెల్లరు షాఫ్టు కోణం చెడుతుంది. రెండింటికీ నడుమ రాజీ కుదర్చడం అనుభవజ్ఞుడైన మేస్త్రీ పని.

గీతలు సరి అయిన తరువాత ఇక గట్టితనం మాట్లాడుకోవచ్చును. పెద్ద టైరు రాయిమధ్య ఇరుక్కొన్నప్పుడు టై రాడ్డు వంగడం నిజమే. అందుకు గట్టి కడ్డీ కావాలి. గట్టిదంటే ఘనమైన కమ్మీ అని మనవాళ్ల నమ్మకం. దీనికీ ఒక లెక్క ఉన్నది. 25 మిల్లీమీటర్ల ఘనమైన కమ్మీ ఒకటి, వెలుపల 32 మిల్లీమీటర్లు ఉండి 6 మిల్లీమీటర్ల మందం గోడ ఉన్న గొట్టం ఒకటి తీసికొని తూచండి. రెండూ ఒకే బరువు తూగుతవి. వంగకుండా నిలబడటంలో మాత్రం గొట్టం కమ్మీకి రెండుంబావు రెట్లు. వెదురుబొంగు బోలుగా ఉండి గాలికి నిలవడం మనం ఎరిగినదే. కాబట్టి అతుకులేని మందపు గొట్టంతో చేసిన కడ్డీ ఎన్నుకోండి. నీళ్లపైపు పనికిరాదు.

ఉక్కు రకంలోనూ జాగ్రత్త కావాలి. మితిమీరి గట్టిపరచిన ఉక్కు వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. స్టీరింగు కడ్డీ వంగితే బండి వంకరగా పోతుంది, మీకు తెలుస్తుంది, ఆపి సరిచేసికొంటారు. విరిగితే తెలిసేలోపలనే అంతా అయిపోతుంది. వంగి చెప్పే గుణం స్టీరింగు భాగానికి ఉండవలసిన మంచి గుణం. అందువల్లనే స్టీరింగు చేతులను కాల్చి వంచడం, కడ్డీలను నడుమ కోసి వెల్డింగుతో అతకడం మహాపాపం. వెల్డింగు కాల్చిన మేర ఉక్కు స్వభావమే మారిపోతుంది. పైకి నున్నగా రంగు వేసిన అతుకు లోపల ఎట్లా ఉన్నదో చూపు చెప్పలేదు.

కీళ్ల విషయంలో అంగడిలో రెండు రకాలు. ఒకటి మూతపడిన టై రాడ్డు ఎండు. గుండు గ్రీజులో ఉంటుంది, రబ్బరు టోపీ దుమ్మును ఆపుతుంది. రెండవది బయటికి కనిపించే గుండుతో పందెపు బండ్లకు వేసే రాడ్డు ఎండు. చూడటానికి ఠీవిగా ఉంటుంది, ఎక్కువ కోణంలో తిరుగుతుంది. కాని దానికి టోపీ లేదు. మన తోటల ఎర్రదుమ్ము, వానకాలపు బురద దానిలో చేరి కొద్దికాలంలోనే అరగదీస్తవి. పైగా దాని బోల్టును రెండు పక్కలా పట్టుకొనే బ్రాకెట్టు లేకపోతే బోల్టు వంగి విరగవచ్చును. కుటుంబంతో రహదారి ఎక్కే బండికి మూతపడిన కీలే తగినది. రబ్బరు టోపీ చిరిగిననాడే కీలు మార్చవలసిన రోజు వచ్చినట్టు లెక్క.

కీలు కొనేటప్పుడు నాలుగు పరీక్షలు చెబుతాను, రాసుకోండి. మొదటిది వాలు పరీక్ష. కీలు కాడకు నీలిరంగు పలుచగా పూసి రంధ్రంలో కూర్చోబెట్టి తీయండి. రంగు చుట్టూ సమానంగా అంటాలి. ఒక అంచునే అంటితే ఆ కీలు ఆ రంధ్రానిది కాదు. రెండవది మర పరీక్ష. మర ఎంత లావో దానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి ఎక్కాలి. 20 మిల్లీమీటర్ల మర అయితే 30 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. అలైన్‌మెంటు కుదరలేదని కొసకు విప్పుకొంటూ పోతే కడ్డీ పొట్టిదని అర్థం, పొడుగుది కొనాలి. మూడవది కోణం పరీక్ష. బండిని లేపి చక్రాలను పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగును రెండు పక్కలకూ చివరిదాకా తిప్పి చూడాలి. ఎక్కడైనా కీలు కాడ గిన్నె అంచుకు ఒత్తుకొంటే, ఏదో ఒకనాడు గుంతలో అది విరిగి తీరుతుంది. నాలుగవది పిన్ను పరీక్ష. కోట నట్టుకు స్ప్లిట్ పిన్ను తప్పక ఉండాలి, పాత పిన్ను మళ్లీ వాడరాదు.

నకిలీ సరుకు మాట కూడా చెప్పాలి. స్టీరింగు లింకేజీలు చేసి వాహన కంపెనీలకే సరఫరా చేసే సంస్థలు మన దేశంలో ఉన్నవి. చెన్నపట్నంలోని రాణే మద్రాసు వాటిలో ఒకటి. తయారీదారుడు చేసిన కీలు వందలు ఖరీదు చేస్తే, అదే రంగు డబ్బాలో సగం ధరకు దొరికేది నకిలీ కాక మరేమవుతుంది? బిల్లు ఇవ్వని అంగడిలో, భాగం నంబరు చెరిపిన డబ్బాలో స్టీరింగు సామాను కొనరాదు. సీటు కవర్లలో, దీపాల్లో పొదుపు చేయండి, దీనిలో వద్దు.

ఇక డాంపరు. గుంత తగలగానే స్టీరింగు గడగడ వణకడం మొదలుపెట్టి, బండి ఆపేదాకా ఆగని జబ్బు ఒకటి ఉన్నది. అమెరికాలో జీపులవాళ్లు దానికి చావు వణుకు అని పేరు పెట్టినారు. గట్టి ఇరుసు బండ్లకే ఇది ఎక్కువ. వెంటనే పెద్ద డాంపరు కొనమంటారు. డాంపరు నొప్పిని మరిపించే మాత్రవంటిది, జబ్బును కుదర్చదు. వదులైన పాన్‌హార్డ్ బోల్టులు, అరిగిన బుష్షులు, చెడిన కీళ్లు, తూకం తప్పిన టైర్లు, తగ్గిన కాస్టరు వీటిలో ఏదో ఒకటి మూలం. మూలం వదలి డాంపరు వేస్తే వణుకు దాగుతుంది, అరుగుదల సాగుతుంది, ఒకనాడు రెండూ కలిసి బయటపడతవి. మూలం సరిచేసిన తరువాత వేసే డాంపరు మాత్రం చేతికి సుఖమే.

అన్నీ వేయించిన తరువాత ఇంటివద్ద చేయగలిగే పరీక్ష ఒకటి ఉన్నది. బండిని సమతలంమీద చక్రాలు నేలమీద ఉండగానే నిలిపి, హాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఒకరు లోపల కూర్చొని స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. మరొకరు ముందువైపు వంగి ఒక్కొక్క కీలుమీద చేయి వేసి చూడాలి. కడ్డీ కదిలి చక్రం కదలకపోతే ఆ నడుమ ఉన్నది అరిగినట్టు. ఈ పని చేయడానికి మేస్త్రీ అక్కరలేదు. లోపల అమ్మ కూర్చొని బయట కొడుకు చూచినా చాలు. బిగించిన ప్రతి నట్టుమీదా రంగుతో ఒక గీత గీయండి. గీత తప్పితే నట్టు కదిలినట్టు కంటికే తెలుస్తుంది. మొదటి వంద కిలోమీటర్ల తరువాత అన్నీ మళ్లీ బిగించి చూడాలి. స్టీరింగు చక్రం వంకరగా నిలిస్తే చక్రాన్ని ఊడదీసి తిన్నగా పెట్టవద్దు. పెట్టెకు నడిమి స్థానమొకటి ఉన్నది, దాన్ని అక్కడ నిలిపి డ్రాగు లింకు పొడవు సవరించాలి.

చట్టం మాట చెప్పకుండా దిగిపోతే నా పని సగమే అవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారుడు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రంలో ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే ఖాయం చేసింది. అదే సంవత్సరం చేసిన సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను ప్రకారం అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలదాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చును. అంతకన్న పెద్ద సంగతి భీమా. ప్రమాదం జరిగిననాడు చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే భీమా కంపెనీ మొహం చాటుచేయవచ్చును. చేయదలచిన మార్పును ముందుగా కృష్ణగిరిలోనో హోసూరులోనో రవాణా అధికారులకు చూపి, ఏది తగునో ఏది తగదో అడిగి, ఆ మాట కాగితంమీద తీసికోండి. భీమావారికీ రాసి ఇవ్వండి. తోట హద్దు దాటని బండి వేరు, రహదారి ఎక్కే బండి వేరు అని నా మనవి. రెండు పనులకూ ఒక్కటే బండి అయినప్పుడు ఎత్తు విషయంలో ఆశ తగ్గించుకోవడం అన్నిటికన్న చవకైన మార్గం. ఎత్తు పెంచకుండా మంచి టైర్లు, వాటిలో తగిన గాలి, నేర్పుగల చేయి ఉంటే మన తోటదారుల్లో చాలామట్టుకు దాటవచ్చును.

కుర్రవాళ్లు ఇదంతా విని, ముసలాయన భయపెడుతున్నాడని అనుకోవద్దు. చక్కగా లెక్క చూచి కట్టిన జీపు కొండ ఎక్కుతుంటే నాకూ సంతోషమే. మీ చేతుల్లో నేర్పు ఉన్నది, కార్ఖానాల్లో రోజూ మైక్రోమీటరు పట్టి కొలిచే చేతులవి. యంత్రంమీద ఒక సూక్ష్మం తేడా వస్తే ముక్కను పక్కన పెట్టేవాళ్లు మీరు. ఆ పట్టుదలను సొంత బండి విషయంలో ఎందుకు వదలాలి? కొత్త భాగం కొనడానికి పోయేముందు ఒక కొలతబద్ద, కోణం చూపే ఫోను, ఒక కాగితం తీసికొని బండికింద దూరండి. గుండ్ల నడుమ గీత గీయండి. ఆ గీత చూచిన తరువాత ఏమి కొనాలో అంగడివాడు మీకు చెప్పనక్కరలేదు, మీరే అతనికి చెబుతారు.

తల్లులకూ అక్కచెల్లెళ్లకూ ఒక మాట. బండి కొత్తగా తూలుతున్నా, స్టీరింగు నడుమకు రాకపోయినా, ముందునుంచి టకటకమని చప్పుడు వస్తున్నా, ఎక్కినవారికి కూడా తెలుస్తుంది. అప్పుడు మొహమాటపడకుండా "ఆపి చూడు నాయనా" అనండి. ఆ ఒక్క మాట ఎన్నో రాడ్లకన్న గట్టిది.

ఈ కొత్త సంవత్సరంలో మన తోటలు బాగా కాయాలనీ, మన బండ్లు తిన్నగా నడవాలనీ, బయలుదేరిన ప్రతివారూ క్షేమంగా ఇల్లు చేరాలనీ కోరుకొంటున్నాను.